మాస్కు తీసి చెప్పే మాట

సినిమాల్లో ఎవరి ముక్కుకైనా ఆక్సిజన్ మాస్కు పెట్టారంటే ఆ మనిషి ఇక లేవడని ఏసురాజుకు గట్టి నమ్మకం. ఒకరు చెప్పగా విన్న సంగతి కాదది. మీసాలు రాని వయసు నుంచి కర్నూలు థియేటర్లలో ముందు బెంచీల్లో కూర్చుని కళ్లారా చూసిన సంగతి. హీరో తల్లికి మాస్కు పెడతారు. డాక్టరు కళ్లద్దాలు తీసి తల అడ్డంగా ఊపుతాడు. తల్లి వణికే చేత్తో మాస్కు పక్కకు లాగి, చెప్పాల్సిన నాలుగు మాటలూ చెప్పి, చిన్నకొడుకును పెద్దకొడుకు చేతిలో పెట్టి తల వాల్చేస్తుంది. ఆ సీను వచ్చిందంటే ఏసురాజు వెక్కి వెక్కి ఏడ్చేవాడు. హాలు బయటికి వచ్చాక మిరపకాయ బజ్జీలు తింటూ ఆ మాటలన్నీ పొల్లుపోకుండా తమ్ముడు జయకుమార్‌కు మళ్లీ వినిపించేవాడు.

అతని భార్య రాహేలమ్మకు సినిమాల మీద అంత మోజు లేదు. ఆమె లోకం సీరియళ్లు. కల్లూరులో వాళ్ల రేకుల ఇంటి వసారాలో కుట్టుమిషను ముందు కూర్చుని, జాకెట్ల మీద కళ్లు పెట్టి, టీవీకి చెవులు అప్పగించేది. ఏ కోడలు ఏ నిజం దాచిందో, ఆ నిజం ఏ గుండె జబ్బు మామగారికి తెలియకూడదో, ఎవరు తలుపు చాటున నిలబడి వింటున్నారో ఆమెకు బొమ్మ చూడకుండానే తెలుసు. "చెప్తే ఆయన తట్టుకోలేడు" అనే మాట సీరియల్లో వినపడితే చాలు, మిషను తొక్కడం ఆపేసేది.

అన్నదమ్ములిద్దరూ నాపరాళ్లు కోసి పాలిషు పట్టే ఫ్యాక్టరీలో పనిచేసేవారు. ఒకే గోడకు ఇటు ఏసురాజు కుటుంబం, అటు జయకుమార్ కుటుంబం. జయకుమార్ భార్య పేరు స్తుతి. వాళ్లకు ఇద్దరు చిన్నపిల్లలు. ఏసురాజుకు ఒక్కతే కూతురు మహిమ, డిగ్రీ చదువుతోంది. ఆదివారం చర్చిలో జయకుమార్ డోలక్ వాయిస్తే ఏసురాజు అందరికన్నా పెద్ద గొంతుతో, కొంచెం సినిమా ఫక్కీలో పాట ఎత్తుకునేవాడు. పాస్టరుగారు నవ్వుకునేవారే గానీ ఏమీ అనేవారు కాదు.

రెండో విడత కరోనా ఊళ్ల మీద పడిన వేసవిలో ఆ ఇంట్లో మొదట జ్వరం వచ్చింది రాహేలమ్మకు. ఒళ్లు నొప్పులతో మంచం పట్టి, ఎలాగో లేచి తిరిగింది. మహిమకు తేలిగ్గా వచ్చి పోయింది. స్తుతినీ పిల్లల్నీ ఆమె పుట్టింట్లో, ఒంటిమిట్ట దగ్గరి పల్లెలో, వదిలిపెట్టి వద్దామని వెళ్లిన జయకుమార్‌కు అక్కడే జ్వరం తగిలి, ఆయాసం ముదిరి కడపలో ఆసుపత్రిలో చేర్చారు. ఇక్కడ ఏసురాజుకూ మంచం మీది నుంచి లేస్తే రొప్పు వచ్చింది. రాళ్ల దుమ్ము మింగిన రొమ్ము, ఇది మామూలేలే అన్నాడు. గోళ్లు నీలం తిరిగేదాకా ఎవరి మాటా వినలేదు.

కర్నూలులో మంచం దొరకడమే గొప్ప అన్నట్టుగా ఉన్నాయి ఆ రోజులు. దొరికింది. జబ్బు ఒకసారి వచ్చి పోయిన మనిషి కాబట్టి, రెండు మాస్కులు, ఒక పొడుగాటి తొడుగు ఇచ్చి రాహేలమ్మను పక్కన ఉండనిచ్చారు. వార్డు నిండా మంచాలు. గాలి గొట్టాల బుసబుసలు. నర్సు శివకుమారి వచ్చి ఏసురాజు వేలికి చిన్న క్లిప్పు తగిలించి, అందులో ఎనభై రెండు అనే అంకె చూసి, వెంటనే మాస్కు తెచ్చి ముఖానికి బిగించింది.

రాహేలమ్మ భర్త కళ్లలోకి చూసింది. అంత దగ్గరగా అంత భయం ఆమె ఎప్పుడూ చూడలేదు. నర్సు అటు తిరిగిందో లేదో, అతని చెయ్యి పైకి లేచింది. మాస్కు గడ్డం కిందికి జారింది.

"మేయ్ రాహేలూ... కడప ఆస్పత్రి నుంచైనా సరే, జయకుమార్‌ను పిలిపించు."

"ముందు అది పెట్టుకో, మహిమ నాయనా."

"నాకు తెలుసులేమే... ఇది పెట్టినారంటే ఇంగ... వానితో నాలుగు మాటలు చెప్పాల. మిమ్మల్ని వాని చేతిలో..."

మాటకు మాటకు మధ్య అతని రొమ్ము కొలిమి తిత్తిలా లేచి పడుతోంది. వేలి మీది అంకె డెబ్బైలలోకి దిగిపోయింది. శివకుమారి పరుగెత్తుకొచ్చి మాస్కు బిగించి, "అయ్యా, ఇది తీస్తే ఊపిరి అందదు. అందేకి పెట్టినాం. తీయగాకు" అని గట్టిగా చెప్పింది. అతను తల ఊపాడు. ఆమె రెండు మంచాల అవతలికి వెళ్లగానే మళ్లీ తీశాడు.

ఆ పూటంతా అదే. అతను తీస్తున్నది చావుకు భయపడి కాదని రాహేలమ్మకు మెల్లగా అర్థమైంది. చావు ఎటూ వచ్చేసిందని అతను ఒప్పేసుకున్నాడు. చెప్పాల్సిన మాటలు చెప్పకుండా పోతానేమోనన్నదే అతని తొందర. సినిమాలో మాస్కు అందుకే కదా ఉండేది, పక్కకు లాగి మాట్లాడటానికి!

మర్నాడు పొద్దున మహిమ గేటు దగ్గరికి క్యారియర్ తెచ్చింది. పన్నెండు దాటితే కర్ఫ్యూ కాబట్టి తొందరగా వచ్చి తొందరగా పోవాలి. కూతురికి దూరం నుంచే చెయ్యి ఊపి, క్యారియర్ తీసుకుని, వరండాలోకి వచ్చేసరికి రాహేలమ్మ చేతిలో ఫోను మోగింది. స్తుతి.

"అక్కా..." అంది స్తుతి. మిగతాది చెప్పాల్సిన పని లేకపోయింది. అవతల ఎవరో ముసలామె ప్రార్థన మొదలుపెట్టి మధ్యలోనే ఏడ్చేయడం వినిపించింది.

రాహేలమ్మ నీళ్ల డ్రమ్ము పక్కన గోడకు ఆనుకుని కూలబడింది. జయకుమార్ ఆమె కాపురానికి వచ్చేనాటికి నిక్కరు వేసుకుని తిరిగేవాడు. ఆమె చేతి సంగటి తిని పెరిగాడు. మాస్కులు దించి, మెడ దగ్గర కొంగు లాగి నోట్లో కుక్కుకుని, తొడుగు లోపల చెమటతో, కన్నీళ్లతో తడిసిపోతూ ఎంతసేపు కూర్చుందో ఆమెకే తెలియదు. లేచేటప్పుడు మాత్రం ఒక నిర్ణయంతో లేచింది. చెప్తే ఆయన తట్టుకోలేడు.

లోపలికి పోయే ముందు శివకుమారిని పక్కకు పిలిచి సంగతి చెప్పింది. "ఏం చేయమంటావు తల్లీ?"

ఆ పిల్ల కళ్లు మాస్కు పైన ఎర్రగా ఉన్నాయి, నిద్ర లేక. "చెప్పమని నేను అనలేనక్కా, చెప్పొద్దనీ అనలేను. ఆయప్ప మాస్కు తీయకుండా ఉండాల. అది నీ చేతిలో ఉండాది" అంది.

రాహేలమ్మ ముఖం కడుక్కుని మంచం దగ్గరికి వచ్చింది. తమ్ముడు ఏమన్నాడని ఏసురాజు కళ్లతోనే అడిగాడు.

"బాగుండాడు. ఆడ వానికీ మంచం మీదనే వైద్యం చేస్తాండారు. మాట్లాడగూడదంట" అంది. అబద్ధం ఇంత నున్నగా తన నోటి నుంచి వస్తుందని ఆమె అనుకోలేదు.

అక్కడి నుంచి ఆమెకు ఫోనంటేనే భయం పట్టుకుంది. ఏసురాజు ఫోనులో చర్చి గ్రూపు ఉంది, ఫ్యాక్టరీ వాళ్ల గ్రూపు ఉంది. ఈపాటికి జయకుమార్ ఫొటోకు పూలదండ అతికించి, కింద బైబిలు వాక్యం రాసి, ఊరంతా స్టేటస్‌లు పెట్టి ఉంటారు. తలగడ కింద ఉన్న ఆ ఫోనును ఛార్జింగు పెట్టే సాకుతో తీసి, మరుసటి పొద్దున మహిమ చేతికి ఇంటికి పంపేసింది. ఏసురాజు వేళ్లతో సైగలు చేశాడు. ఫోను ఏదని. తమ్ముడితో మాట్లాడిస్తే చాలని.

"టవరు దొరకలేదు ఈడ" అంది రాహేలమ్మ.

పక్క మంచం మీద గోపన్న అనే పెద్దాయన ఉన్నాడు. కోసిగి వైపు రైతు. సరిగ్గా అప్పుడే ఆయన కొడుకు ఊరి నుంచి ఫోను చేశాడు. గోపన్న మాస్కు లోపలి నుంచే, "ఆఁ, బాగుండా. ఎద్దులకు నీళ్లు పెట్టినారా?" అని గట్టిగా అడుగుతున్నాడు. ఏసురాజు ఒకసారి గోపన్న వైపు, ఒకసారి భార్య వైపు చూశాడు. రాహేలమ్మ చప్పున వంగి మంచం కింది చెప్పులు సర్దసాగింది.

డాక్టరుగారు రౌండ్లకు వచ్చి బోర్లా పడుకోమన్నారు. అలా పడుకుంటే ఊపిరితిత్తుల్లో గాలి బాగా ఆడుతుందని చెప్పారు. ఏసురాజు కాసేపు పడుకుని వెల్లకిలా తిరిగిపోయేవాడు. మనసు ఒకచోట నిలవక చెయ్యి మాస్కు మీదికి పోయేది. ఏదైనా చూపిస్తూ ఉంటే పడుకుంటాడేమోనని శివకుమారి అంది. సినిమా పిచ్చోడికి సినిమా కంటే ఏముంటుంది? మహిమ ఫోనులోంచి వాట్సాప్ తీసేసి, దాని మెమరీ కార్డులో నాలుగు సినిమాలు ఎక్కించి తెమ్మని రాహేలమ్మ ఆ పిల్లకు చెప్పింది. ఒక్క షరతు పెట్టింది: అందులో ఆసుపత్రి ఉండకూడదు.

మహిమ ఇంట్లో కూర్చుని ఒక్కొక్క సినిమానే ముందుకు జరుపుతూ చూసింది. పొద్దున గేటు దగ్గర నిలబడి తలపట్టుకుంది.

"అమ్మా, ఒక్కటి కూడా దొరకలేదు. ప్రేమ సినిమా పెడితే యాక్సిడెంటు. ఫైటింగు సినిమా పెడితే తమ్ముణ్ణి చంపుతాండారు. దేవుని సినిమా చూద్దామంటే అందులో సిలువ మీద... నాయన చూసేది ఏందిమా? ఇన్ని చావులు ఉన్నాయని నాకు ఇన్నాళ్లూ తెల్దు."

చివరికి కామెడీ బిట్లు తెచ్చింది. బోర్లా పడుకున్న ఏసురాజు ముందు ఫోను నిలబెట్టారు. మొదటి బిట్టుకే అతనికి నవ్వొచ్చింది. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగలేదు. ముఖం నల్లబడి, కళ్లు బయటికొచ్చి, అంకె ఒక్కొక్కటే కిందికి జారుతుంటే రాహేలమ్మ అతని వీపు రాస్తూ "ప్రభువా, ప్రభువా" అని అరిచేసింది. శివకుమారి గాలి పెంచి, దగ్గు తెరలు తగ్గేదాకా అక్కడే నిలబడి, "నవ్వించొద్దక్కా. ఏడిపించొద్దు, నవ్వించొద్దు" అంది.

దగ్గు తగ్గాక ఏసురాజు నీరసంగా కళ్లు మూసుకున్నాడు. ఆ సాయంత్రం కళ్లు తెరిచినప్పుడు అతని ముఖంలో ఒక తీర్మానం కనిపించింది. ఇక ఆలస్యం చేయకూడదనుకున్నట్టుగా మాస్కు పూర్తిగా నెత్తి మీదికి నెట్టేశాడు.

"జయకుమార్ వచ్చేట్టు లేడు. నీకే చెప్తా. ఇట్ల కూచోమే."

రాహేలమ్మ మాస్కు లాగి కిందికి దించబోయింది. అతను ఆమె మణికట్టు పట్టుకున్నాడు. అంత జబ్బులోనూ రాళ్లు మోసిన చెయ్యి అది.

"చెప్పనీ. చెప్పినాక పెట్టుకుంటా. మహిమను..."

"నేను వినను."

"ఏందీ?"

"నువ్వు చెప్పేది నేను వినను. ఇంటికొచ్చినాక చెప్పు. ఈడ చెప్తే వినను" అంది రాహేలమ్మ. ఆమె కంటి నుంచి చుక్క రాలలేదు. రానివ్వలేదు.

ఏసురాజు నమ్మలేనట్టు చూశాడు. చచ్చిపోయే మనిషి మాట్లాడుతుంటే పెళ్లాం కాళ్ల దగ్గర కూర్చుని ఏడుస్తూ వినాలి. ఇది ఎట్లాంటి ఆడది? అతనికి కోపం ముంచుకొచ్చింది. "రాతి గుండె దానా" అన్నాడు, ఆ మూడు మాటలకే మూడుసార్లు ఊపిరి ఎగబీల్చి. తర్వాత పక్క మంచం వైపు తల తిప్పాడు. "గోపన్నా... నువ్వన్నా విను. నా తమ్మునికి..."

గోపన్న మెల్లగా ఇటు చూసి, చెవి దగ్గర చెయ్యి ఆడించాడు. "నాకు చెవుడప్పా" అన్నాడు మాస్కు లోపలి నుంచి. "శానా చెవుడు. ఏమీ వినపడదు." అని అటు తిరిగి పడుకున్నాడు.

రాహేలమ్మ చెయ్యి విడిపించుకుంది. "నేను పోతాండా. వినేవాళ్లు లేనప్పుడు ఎవురితో చెప్తావో చెప్పుకో" అని, వెనక్కి చూడకుండా వార్డు దాటి తలుపు అవతలికి వెళ్లిపోయింది.

వెళ్లడమైతే వెళ్లింది గానీ, తలుపు మూసుకోగానే వెనక్కి తిరిగింది. తలుపుకు పైన చదరపు అద్దం ఉంది. దాని అంచుకు కళ్లు ఆనించి నిలబడింది. అతని ముఖం కనపడటం లేదు. నెత్తి మీద మాస్కు మాత్రం కనిపిస్తోంది, ఆకుపచ్చ గొట్టం వేలాడుతూ. శివకుమారి ఆ మూల ఎవరికో సూది వేస్తోంది. పిలుద్దామా? తానే పోయి పెడదామా? పోతే మళ్లీ చెయ్యి పట్టుకుంటాడు, మళ్లీ మొదలుపెడతాడు, మాట మాటకూ ఊపిరి పారబోస్తాడు. పోకపోతే? ఆ మనిషి అక్కడ తన మొండితనంతోనే కొట్టుకుపోతే, ఈ అద్దం లోంచి చూస్తూ నిలబడ్డ తను రేపు మహిమకు ఏం చెప్పాలి? తలుపు పిడి మీద చెయ్యి వేసింది, తీసింది. మళ్లీ వేసింది. ప్రార్థన చేద్దామంటే ఒక్క మాటా గుర్తు రాలేదు.

లోపల ఏసురాజు తల అటూ ఇటూ తిప్పాడు. తలుపు వైపు చూశాడు. ఎవరూ రాలేదు. అద్దం వెనక ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉండటం అతనికి కనపడిందో లేదో రాహేలమ్మకు అప్పుడు తెలియదు. కాసేపు అతను కదలకుండా ఉండిపోయాడు. ఆమె ఇక ఉండలేక తలుపు నెట్టింది. అదే క్షణంలో అతని చెయ్యి పైకి లేచి మాస్కును కిందికి లాగి, ముక్కు మీద సరిగ్గా కుదిర్చి, రెండో చేత్తో దాన్ని అలాగే అదిమి పట్టుకుంది.

ఆమె దగ్గరికి వచ్చినా అతను మాట్లాడలేదు. తనంతట తాను బోర్లా తిరిగాడు. ముఖం అవతలికి పెట్టుకున్నాడు. అలిగాడులే అనుకుంది రాహేలమ్మ. అలిగినా ఊపిరి పీలుస్తున్నాడు, అంతే చాలు.

పొద్దున్నే గోపన్న గొంతు సవరించుకుని, "ఏమ్మా, ఆయప్పకు ఫోనులో చూపించేకి ఏమీ దొరకలేదంటివే. మా ఎద్దులు చూపించు" అన్నాడు. చెవుడు సంగతి ఇద్దరూ ఎత్తలేదు. ఆయనకు బండలాగుడు పోటీల ఎద్దులున్నాయట. జాతరల్లో అవి పెద్ద బండను లాగిన వీడియోలు ఎవరో ఇంటర్నెట్లో పెట్టారట. మహిమకు చెబితే ఆ పిల్ల కార్డు నిండా అవే ఎక్కించి తెచ్చింది.

అందులో కథ లేదు. చావు లేదు, పెళ్లి లేదు. ఎర్రమట్టి మైదానం, అటూ ఇటూ జనం, మధ్యలో నూనె పట్టినట్టు మెరిసే రెండు ఎద్దులు, వాటి వెనక గొలుసుకు కట్టిన రాతిబండ. మైకులో ఒకాయన ఎద్దుల ఊరు, యజమాని పేరు అరిచి చెప్తుంటాడు. ఎద్దులు వంగి, గిట్టలు నేలలో దిగేసి, ముక్కుపుటాలు ఎగరేస్తూ ఆ బండను లాక్కుంటూ మైదానం ఆ చివరికి పోతాయి, తిరిగి వస్తాయి. ఏసురాజు బోర్లా పడుకుని గంటల తరబడి అవే చూశాడు. మొదట్లో ఊరికే చూశాడు. తర్వాత రాయి చూసి దాని బరువు లెక్క కట్టడం మొదలుపెట్టాడు, వేళ్లతో గోపన్నకు సైగ చేస్తూ. గోపన్న ఔననో కాదనో చెయ్యి ఆడించేవాడు. ఎద్దులు ఆగి రొప్పుతుంటే అతనూ ఆగినట్టు ఊపిరి నిదానించేది. వేలి మీది అంకె ఒక్కరోజులో పెరగలేదు. పెరిగి, తగ్గి, మళ్లీ పెరిగింది. రాహేలమ్మ దాన్ని చూడకూడదనుకుంటూనే చూసేది.

ఒక్కటే ఆమెను లోలోపల తొలిచేస్తోంది. ఏసురాజు తమ్ముడి మాట ఎత్తడం మానేశాడు. కళ్లతో కూడా అడగడం లేదు. ఆరోగ్యం కుదుటపడి మరిచాడా? మరిచే మనిషి కాదే. రేపు లేచి కూర్చుని అడిగితే ఏం చెప్పాలి? సీరియల్లో దాచిన నిజం ఎప్పుడూ తప్పుడు మనిషి నోట, తప్పుడు వేళకే బయటపడుతుంది. వార్డులోకి చర్చివాళ్లెవరైనా వస్తారేమో, కడప నుంచి ఎవరైనా ఫోను చేస్తారేమోనని ప్రతి అడుగు చప్పుడుకూ ఉలిక్కిపడేది. తన మరిదికి మట్టి వేసిన చోట ఒక్క పువ్వు పెట్టని తను, ఇక్కడ వాడు బాగున్నాడని రోజూ చెప్తోంది.

పెద్ద మాస్కు తీసేసి ముక్కుకు సన్న గొట్టాలు పెట్టిన రోజు శివకుమారి అతన్ని గోడకు ఆనించి కూర్చోబెట్టింది. రాహేలమ్మ మహిమ తెచ్చిన రాగిజావ చెంచాతో తాగిస్తోంది. రెండు చెంచాలు తాగి, మూడోది చేత్తో ఆపి, ఏసురాజు అడిగాడు.

"జయకుమార్‌ను యాడ పెట్టినారు?"

చెంచా ఆమె చేతిలోనే ఉండిపోయింది.

"వాళ్ల అత్తోళ్ల ఊర్లోనా? కడపలోనా?"

"ఊర్లోనే" అంది రాహేలమ్మ. "చర్చి వెనక. నీకు... నీకెవురు చెప్పినారు?"

"ఎవురు చెప్పాల? టవరు దొరకలేదంటివి. పక్కన గోపన్న ఊర్లో ఎద్దులతో కూడా మాట్లాడతాండాడు." కొంచెం ఆగి ఊపిరి తీసుకున్నాడు. "అప్పుడే అనుమానం. నన్ను వదిలిపెట్టి పోతివి సూడు, ఆ పొద్దు అద్దంలో నిన్ను చూస్తి. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఉంటివి. నా కోసమైతే నా దగ్గర కూచోని ఏడుస్తావు గానీ, దాంకొని ఏడ్సవు. వాడు పోయినాడని తెలిసిపాయ."

"మరి అప్పుడే అడగకపోతివే?"

"నువ్వు అంత కష్టపడి దాస్తాంటివి..." అని ఏసురాజు గోడ వైపు చూశాడు. "మిమ్మల్ని వాని చేతిలో పెట్టి పోదామనుకుంటిని. వాడే ముందు పాయ. స్తుతి, ఆ ఇద్దరు బిడ్డలు, నువ్వు, మహిమ... ఇంగ నేను మాస్కు తీసి ఎవురికి చెప్పాల? అందుకే గమ్మున పెట్టుకుంటి."

అప్పుడు ఏడ్చింది రాహేలమ్మ. ఇన్నాళ్లుగా లోపల అణుచుకున్నదంతా వార్డు అని చూడకుండా, పక్కన మంచాలని చూడకుండా ఏడ్చింది. ఏసురాజు కూడా ఏడ్చాడు గానీ జాగ్రత్తగా ఏడ్చాడు, దగ్గు రాకుండా, మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటూ. శివకుమారి దూరం నుంచి చూసి వేలి మీది అంకె గమనించింది గానీ దగ్గరికి రాలేదు.

గోపన్న వాళ్లకన్నా ముందే ఇంటికి వెళ్లిపోయాడు. పోయేటప్పుడు మంచం దగ్గర నిలబడి, "జాతర మొదలైతే రాప్పా. ఎద్దులను దగ్గరగా చూస్తువు" అన్నాడు.

ఏసురాజును ఇంటికి పంపించాక కూడా ప్రయాణానికి ఒళ్లు లొంగడానికి వానలు పడే కాలం వచ్చింది. అప్పుడు భార్యాభర్తలు ఒంటిమిట్ట దగ్గరి ఆ పల్లెకు బస్సెక్కారు. చర్చి వెనక కంచె లోపల జయకుమార్ సమాధి మీద ఇంకా సిమెంటు వేయలేదు. మట్టి కుంగి, దాని మీద పల్లేరు మొలకలు లేచాయి. రాహేలమ్మ వాటిని పీకి పారేసింది. స్తుతి పిల్లలిద్దరూ పెదనాన్న ఎంత చిక్కిపోయాడో అన్నట్టు అతన్నే చూస్తున్నారు. అతను ఏదో ఒకటి అంటాడని అందరూ ఎదురుచూశారు. అతను సమాధి పక్కన కూర్చుని మట్టి చదును చేశాడు, అంతే. కాసేపటికి ఆయాసం వస్తోందన్నాడు. స్తుతి చర్చి లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేసింది.

"బావా, మేము ఈడనే ఉంటాములే. మీకే బాగలేదు" అంది స్తుతి, నెమ్మదిగా.

"ఈడ ఉండి ఏం చేస్తావు? బడులు తెరిస్తే పిల్లోళ్లు ఆడ బడికి పోవద్దా?" అన్నాడు ఏసురాజు. "సామాన్లు కట్టుకో తల్లీ. రేపు పొద్దున బస్సుకు పోదాం."

రాళ్ల దుమ్ములోకి మళ్లీ పోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఏసురాజు షేర్ ఆటో నడపడం నేర్చుకుని కల్లూరు నుంచి కర్నూలు బస్టాండుకు తిప్పడం మొదలుపెట్టాడు. ఎత్తు ఎక్కినా, ఎవరైనా అడిగితే సామాను దించినా ఇప్పటికీ రొప్పు వస్తుంది. స్తుతి వసారాలో రాహేలమ్మకు ఎదురుగా కూర్చుని జాకెట్లకు హుక్కులు కుట్టడం నేర్చుకుంది. మొదట్లో వంకరగా కుట్టేది, రాహేలమ్మ కోప్పడుతూ విప్పించేది. ఇప్పుడు పండగ బట్టలు వచ్చాయంటే ఇద్దరూ కలిసి కూర్చుంటారు. పిల్లలు బడి నుంచి వచ్చి గోడకు అటున్న ఇంట్లో సంచులు పడేసి, ఇటున్న ఇంట్లో అన్నం తింటారు.